తిరిగే చక్రం, కనిపించని కిరణం

1960ల మొదట్లో అమెరికా ప్రయోగశాలల్లో లేజర్ బలాన్ని చెప్పడానికి ఒక వింత కొలత వాడేవారు. గడ్డం గీసుకునే బ్లేడ్లను ఒకదాని వెనక ఒకటి పేర్చి, కెంపు లేజర్‌ను ఒక్కసారి మెరిపిస్తే ఎన్ని బ్లేడ్లకు బెజ్జం పడుతుందో లెక్కపెట్టేవారు. నాలుగింటికి పడితే ఆ లేజర్ బలం నాలుగు జిల్లెట్లు. కొత్త వెలుగు పుట్టింది గాని దాన్ని కొలిచే సాధనం ఇంకా పుట్టలేదు. అందుకే చేతికందిన ఉక్కు రేకుతో పని జరుపుకున్నారు.

ఈ కొలత బలం గురించి ఎంతో కొంత చెప్పేది. కిరణం ఆకారం గురించి ఏమీ చెప్పేది కాదు. నిజానికి లేజర్‌తో పనిచేసేవాళ్లకు ఆకారమే ప్రాణం. కిరణం నడిమధ్యన వేడి ఎక్కువగా ఉండి అంచులకు పోయేకొద్దీ మెల్లగా తగ్గుతుంటే ఇనుప రేకు గీత గీసినట్టు తెగుతుంది. అదే కిరణం రెండు ముద్దలుగా చీలినా, మధ్యలో బోలుగా మారినా అంతే వాట్ల శక్తితో అదే రేకు చిందరవందరగా కరుగుతుంది. కంటి శస్త్రచికిత్సలో అలాంటి తేడా ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి కిరణాన్ని చూడాలి. చూస్తే కన్ను పోతుంది. లేజర్ పుట్టిన నాటి నుంచి ఈ చిక్కుముడి విప్పడానికి మనుషులు పడిన పాట్ల చరిత్ర ఇది. అందులో సగం కథ ఒక తిరిగే చక్రానిది.

థియోడర్ మైమన్ 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబూలో, హ్యూస్ సంస్థ పరిశోధనశాలలో వెలిగించిన మొదటి లేజర్ ఎర్రనిది, కంటికి కనిపించేది. కొద్ది ఏళ్లకే కంటికి కనిపించని, శక్తిమంతమైన లేజర్ వచ్చింది. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి అమెరికా వెళ్లిన కుమార్ పటేల్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టాడు. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు, అంటే ఆకుపచ్చ వెలుగు కంటే సుమారు ఇరవై రెట్లు పెద్దది. ఫ్యాక్టరీల్లో రేకులు కోయడానికి దశాబ్దాల పాటు ముఖ్యమైన పనిముట్టుగా నిలిచింది అదే. కిరణం బయటికి వస్తున్నా గదిలో ఏ మార్పూ కనిపించదు. దారికి అడ్డంగా ఏదైనా పెడితే, అది కాలినప్పుడు తెలుస్తుంది.

తొలి తరం ఇంజినీర్లు అలా కాల్చే చూశారు. ఫైర్‌బ్రిక్ ముక్కను అడ్డంపెడితే కిరణం తగిలినచోట ఎర్రగా వెలిగేది. అంతకంటే మేలైన పద్ధతి యాక్రిలిక్ దిమ్మె. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిందికి దాన్ని ఒక్క క్షణం పెడితే ప్లాస్టిక్ ఆవిరైపోయి, కిరణం ఎక్కడ బలంగా ఉంటే అక్కడ లోతుగా, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తేలికగా గుంట పడేది. తిప్పి చూస్తే అది కిరణానికి పోత పోసిన అచ్చు. ఆ పొగ పీల్చకూడదు గనక పక్కన గాలిని లాగేసే ఏర్పాటు ఉండాలి. 1064 నానోమీటర్ల పరారుణ వెలుగునిచ్చే యాగ్ లేజర్ల దగ్గరైతే నల్లగా కడిగిన ఫొటో కాగితం మీద మచ్చ వేసి చూసేవారు. ఇవన్నీ తెలివైన పద్ధతులే, చాలాచోట్ల ఇప్పటికీ వాడుతున్నారు. అయితే మచ్చ ఒక క్షణానికే సాక్ష్యం. ఆ తర్వాత లేజర్ వేడెక్కి కిరణం పక్కకు జరిగిందా, ఆకారం మారిందా అన్నది దానికి తెలియదు.

ఈలోగా కళ్లు మూల్యం చెల్లించడం మొదలైంది. లేజర్ పుట్టిన మరుసటి ఏడే, 1961లో, కుందేళ్ల కళ్లలో ఆ వెలుగు చేసిన గాయాల గురించి ‘సైన్స్’ పత్రికలో పరిశోధనా వ్యాసం వచ్చింది. 1965లో ఒక నేత్రవైద్య పత్రిక, లేజర్ ప్రమాదంలో ఒక మనిషి రెటీనా నడిమధ్యన కాలిన సంగతి రాసింది. 1977లో అమెరికన్ పరిశోధకుడొకరు తనకు జరిగినదాన్ని స్వయంగా ప్రచురించాడు. లేజర్ రంగంలో అడుగుపెట్టే విద్యార్థులకు ఇప్పటికీ దాన్ని చదివిస్తారు. ఆయన కంటిని తాకింది సూటి కిరణం కాదు, ప్రతిఫలించి వచ్చిన ఆరు మిల్లీజౌళ్ల ముక్క మాత్రమే. 1064 నానోమీటర్ల ఆ పరారుణ వెలుగు కనిపించలేదు. కంటిలోపల టప్‌మన్న చప్పుడు వినిపించింది, వెంటనే చూపుకి అడ్డంగా నెత్తురు తేలింది. రక్షణ కళ్లద్దాలు అందుబాటులోనే ఉన్నాయి. ఆ సమయానికి పెట్టుకోలేదు.

ఇంత చిన్న శక్తి అంత నష్టం చేయడానికి కారణం కంటి నిర్మాణంలోనే ఉంది. 400 నుంచి 1400 నానోమీటర్ల మధ్య ఉన్న ఏ వెలుగునైనా కార్నియా, కటకం కలిసి రెటీనా మీద చుక్కలా కుదిస్తాయి. ఆ కుదింపులో తీవ్రత లక్ష రెట్ల దాకా పెరుగుతుంది. ఇందులో 700 దాటిన భాగం కనిపించదు గనక రెప్ప పడదు, తల తిప్పుకోవడమూ ఉండదు. కార్బన్ డయాక్సైడ్ కిరణం కథ వేరు. కంటి నీరు దాన్ని లోపలికి పోనివ్వదు. గాయం కార్నియా మీదే అవుతుంది, చర్మం కాలుతుంది, బట్టలు అంటుకుంటాయి.

ప్రకాశాన్ని సూటిగా చూడకూడదన్న తెలివి మాత్రం లేజర్ కంటే చాలా పాతది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగిపోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 48 అంగుళాల దూరదర్శిని ఉన్న జపాల్-రంగాపూర్ వేధశాల ఆ చీకటి దారిలోనే ఉంది. ఖగోళ శాస్త్రవేత్తలు అక్కడ పరికరాలు సర్దుకుంటుంటే, ఊళ్లలో చాలామంది తలుపులు వేసుకుని కూర్చున్నారు. చూడాలన్న ఆశ ఆగనివాళ్లు పళ్లెంలో పసుపు నీళ్లో పేడ నీళ్లో పోసి, అందులో సూర్యుణ్ని చూడటం మన ఊళ్లలో పాత అలవాటు. తలమీద నుంచి పడే వెలుగులో నూటికి రెండు వంతులే నీటి పైపొర నుంచి వెనక్కి తిరుగుతాయి. మిగతాది లోపలికి పోతుంది, కలిపిన పసుపో పేడో దాన్ని మింగేస్తుంది. లేజర్ ప్రయోగశాలలో బల్లమీద ఏటవాలుగా నిలబెట్టే గాజు వెడ్జ్ (ఒక అంచు పలచగా ఉండే పలక) చేసేది కూడా సరిగ్గా ఇదే పని. కొద్దిపాటి వాటాను పక్కకు తీసి కొలతకు పంపుతుంది, మిగతాదాన్ని మరోచోట మింగించేస్తారు. అయితే సూర్యుడి విషయంలో రెండు శాతం కూడా ఎక్కువే. గ్రహణాల కళ్లద్దాలు లక్షలో సుమారు మూడు వంతులకు మించి వెలుగును లోపలికి రానివ్వవు. పళ్లెంలో నీళ్లు సరైన ఆలోచనే గాని, చాలినంత రక్షణ కాదు.

1945 జులై 9 నాటి గ్రహణం తర్వాత జర్మన్ వైద్యుడు గెర్డ్ మేయర్-ష్వికెరాత్ దాన్ని చూసి దెబ్బతిన్న కళ్లను పరీక్షించాడు. కాలిన రెటీనా మచ్చ కట్టి గట్టిపడటం చూసి, చిరిగిన రెటీనాను వెలుగుతోనే అతికించవచ్చని ఆలోచించాడు. ముందు సూర్యకాంతితో, తర్వాత జినాన్ దీపంతో ఆ చికిత్స చేశాడు. 1961 డిసెంబరులో న్యూయార్క్‌లో చార్లెస్ క్యాంప్‌బెల్, చార్లెస్ కోస్టర్ కెంపు లేజర్‌తో రోగి కంటికి చికిత్స చేసే నాటికి ఆ దారి అప్పటికే వేసి ఉంది. గాయం చేసిన వెలుగుకే కొలత తెలిస్తే అది వైద్యం అయింది. అందుకే కొలతకు అంత విలువ.

ఇప్పుడు చక్రం దగ్గరికి రావాలి. వెలుగు దారిలో తిరిగే చక్రాన్ని పెట్టి, దాన్ని తునకలు తునకలుగా కోసి, చెప్పనిదాన్ని చెప్పించడం లేజర్ కంటే నూటపదకొండేళ్ల ముందు పారిస్‌లో మొదలైంది. 1849లో ఇపోలిత్ ఫీజో సురేన్‌లోని తన తండ్రి ఇంట్లో 720 పళ్ల చక్రం బిగించాడు. దాన్ని చేసిపెట్టినవాడు పరికరాల తయారీలో పేరుపడ్డ గుస్తావ్ ఫ్రోమాన్. పంటి సందులోంచి వెళ్లిన వెలుగు 8,633 మీటర్ల దూరంలో మోమార్త్ర కొండమీది అద్దాన్ని తాకి అదే సందులోంచి వెనక్కి రావాలి. చక్రం వేగం పెంచుతూ పోతే, సెకనుకు 12.6 చుట్ల దగ్గర తిరిగొచ్చిన వెలుగుకు పక్క పన్ను అడ్డం వచ్చి చీకటైంది. వేగం రెట్టింపు చేస్తే మళ్లీ వెలిగింది. పన్ను కదలడానికి పట్టిన ఆ రవంత కాలంలోంచి ఫీజో వెలుగు వేగాన్ని లాగాడు. సెకనుకు సుమారు 3,13,000 కిలోమీటర్లు. అసలు విలువకు నాలుగైదు శాతమే ఎక్కువ. భూమి మీద ఎవరైనా ఆ వేగాన్ని కొలవగలగడం అదే మొదలు.

1880లో చక్రం మాట్లాడింది. టెలిఫోన్‌తో పేరుపడ్డ అలెగ్జాండర్ గ్రాహం బెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్‌తో కలిసి సూర్యకాంతి మీద మాటను పంపే ఫొటోఫోన్ చేశాడు. వాషింగ్టన్‌లో ఒక పాఠశాల పైకప్పు నుంచి 213 మీటర్ల దూరానికి మాట చేరింది. ఆ ప్రయత్నాల్లోనే సందులున్న పళ్లేన్ని తిప్పుతూ సూర్యకిరణాన్ని ముక్కలు చేసి గట్టి రబ్బరు బిళ్ల మీద పడేస్తే, ఆ బిళ్ల సన్నగా పాడటం విన్నారు. వెలుగు పడ్డప్పుడు వేడెక్కి, ఆగినప్పుడు చల్లారి, ఆ వరుసకే శబ్దం పుడుతోంది. ఎడతెగకుండా పడే వెలుగుకు ఆ బిళ్ల మూగది. కోసిన వెలుగుకు నోరు విప్పింది. చక్రం చరిత్రలో అన్నిటికంటే అందమైన ప్రయోగం ఇదేనని చెప్పాలి. దాని మీద నిలబడిన వాయు పరీక్షా పరికరాలు నేటికీ నడుస్తున్నాయి.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాబర్ట్ డికే ఇదే ఎత్తును రేడియో తరంగాల మీద ప్రయోగించాడు. ఆయన కొలవదలచుకున్న సంకేతం, పరికరం తనంతట తాను చేసే రొదలో మునిగిపోయేది. సెకనుకు 30 సార్లు సంకేతాన్ని తెరిచి మూసే చక్రం పెట్టి, ఆ లయకు కలిసి ఊగేదాన్నే లెక్కలోకి తీసుకుని మిగతాదంతా వదిలేశాడు. ఆ పరికరం వివరాలు 1946లో వెలువడ్డాయి. వెలుగును కోసే ఇలాంటి చక్రాన్ని ఇప్పుడు చాపర్ అంటారు. చాపర్ పెట్టిన ప్రతి ప్రయోగశాలలోనూ దాని పక్కన ఇవాళ కనిపించే లాక్-ఇన్ యాంప్లిఫయర్ చేసేది ఆ పనే.

చక్రం ఒక్కటే చాలదు. కనిపించని వేడిని పట్టుకునే రాయి కూడా కావాలి. ఆ రాయి మన పక్కనున్న సింహళం నుంచి ఐరోపా చేరింది. పద్దెనిమిదో శతాబ్దం తొలి ఏళ్లలో డచ్చి వర్తకులు సిలోన్ నుంచి టూర్మలిన్ రాళ్లు తీసుకెళ్లారు. నిప్పుల్లో వేడిచేస్తే అవి బూడిదను లాగి, కాసేపటికి విదిలించేవి. 1756లో ఎపినస్ ఆ రాయి రెండు చివర్లలో ధన, రుణ విద్యుత్తులు పుడుతున్నాయని చూపించాడు. 1824లో డేవిడ్ బ్రూస్టర్ దానికి పైరోఎలక్ట్రిసిటీ అని పేరు పెట్టాడు. రాయి వేడిగా ఉన్నంత మాత్రాన విద్యుత్తు పుట్టదు. వేడి మారుతున్నప్పుడే పుడుతుంది. మార్పు ఆగితే, చుట్టుపక్కల నుంచి చేరిన ఆవేశాలు దాన్ని సరిచేసి పూడ్చేస్తాయి, రాయి మౌనం వహిస్తుంది. పరారుణ కాంతిని పట్టడానికి ఈ గుణం పనికొస్తుందని యూ టా అనే శాస్త్రవేత్త 1938లో పారిస్‌లో ప్రచురించాడు.

తర్వాతి దశాబ్దాల్లో టూర్మలిన్ స్థానంలోకి ప్రయోగశాలలో పెంచిన స్ఫటికాలు వచ్చాయి. వాటిలో ట్రైగ్లైసిన్ సల్ఫేట్ చాలా చురుకైనది గాని 49 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని గుణం పోతుంది. రామగుండం వేసవిలో ఏసీ లేని గదిలో ఉంచితే భయపడాల్సిన సరుకు. లిథియం టాంటలేట్ అంత సున్నితం కాదు, 600 డిగ్రీలు దాటే దాకా గుణం చెడదు. లేజర్ కెమెరాలవాళ్లు దాన్నే ఎంచుకున్నారు.

అలా చక్రం, స్ఫటికం ఒక పెట్టెలో కలిశాయి. యూటా రాష్ట్రంలోని లోగన్ పట్టణంలో స్పైరికాన్ సంస్థ తయారుచేసిన పైరోక్యామ్ కెమెరాలు ఈ జాతిలో బాగా ప్రసిద్ధం. వాటి మూడో రకంలో లిథియం టాంటలేట్ పలక మీద 124 వరుసల్లో 124 చొప్పున సెన్సర్లు 100 మైక్రాన్ల దూరంలో పరిచి ఉంటాయి. అంటే 12.4 మిల్లీమీటర్ల చదరంలో 15,376 చుక్కలు. దాని ముందు చిన్న రెక్కల చక్రం సెకనుకు 24 సార్లో 48 సార్లో తెరిచి మూస్తుంది. తెరిచినప్పుడు ప్రతి చుక్కా వేడెక్కుతుంది, మూసినప్పుడు చల్లారుతుంది. రెండిటి తేడాను కంప్యూటరు బొమ్మగా గీస్తుంది. యాక్రిలిక్ దిమ్మెలో ఒక్కసారి పడిన గుంట ఇప్పుడు తెర మీద కదులుతూ, రంగులు మారుతూ కనిపిస్తుంది. లేజర్ వేడెక్కుతూ కిరణం ఓ పక్కకు జారిపోతుంటే ఇంజినీరు కూర్చున్నచోటు నుంచే పసిగడతాడు.

ఈ కెమెరాను జాగ్రత్తగా నడపడంలో ముందు అర్థం చేసుకోవలసింది దాని మౌనాన్ని. ఎడతెగని కిరణం పడుతుండగా చాపర్ తెరిచిన స్థితిలో ఆగిపోయిందనుకుందాం. తెరమీద బొమ్మ ఒక్కసారి మెరిసి, మసకబారి, నల్లగా అయిపోతుంది. కిరణం ఆగిపోయిందని అనుభవం లేనివాడు అనుకుంటాడు, లేజర్ శక్తి పెంచుతాడు. అక్కడ నిజానికి స్ఫటికం మీద పూర్తి కిరణం పడుతూనే ఉంది, పలక కాగుతూనే ఉంది. తెర నల్లబడితే చేయి లేజర్ షట్టర్ మీదికి పోవాలి గాని పవర్ మీట మీదికి కాదు. అందుకే ముందు చాపర్ తిప్పి, దాని వేగం నిలకడైందని చూసుకుని, లేజర్‌ను అతి తక్కువ శక్తి దగ్గర తెరవడం పద్ధతి. ఆపేటప్పుడు వరుస తిరగబడుతుంది.

కిలోవాట్ల కిరణాన్ని ఎవరూ సూటిగా కెమెరాలోకి పంపరు. జింక్ సెలీనైడ్ వెడ్జ్‌తో కొద్ది వాటా పక్కకు తీసి, మిగతాదాన్ని నీళ్లతో చల్లబరిచే మింగుడు పెట్టెలోకి తోస్తారు. వచ్చిన వాటానూ ఇంకా పలచబరుస్తారు. ఆ జింక్ సెలీనైడ్ పగిలినా కాలినా దాని పొడి విషం, ఉత్త చేత్తో తాకకూడదు. చాపర్ రెక్కకు ఇంకో గుణం ఉంది. మూసి ఉన్న సగం కాలం కిరణం దాని మీదే పడుతుంది. నున్నని లోహం 10.6 మైక్రాన్ల వెలుగును దాదాపు మొత్తంగా వెనక్కి కొడుతుంది. తిరిగే రెక్క కాస్త వంకరగా ఉన్నా ఆ తిరుగుటపా గదిలో చీపురులా ఊడుస్తుంది. సూటిగా ఉంటే లేజర్ నోట్లోకే తిరిగిపోయి దాని నిలకడ చెడగొడుతుంది. కెమెరాను కొంచెం ఓరగా పెట్టి, వెనక్కి వచ్చే వెలుగు ఎక్కడ పడుతుందో ముందే వెతికి, అక్కడ కాలని అడ్డుతెర నిలపాలి.

మనిషి ఒంటి మీద ఉన్నవీ లెక్కలోకి వస్తాయి. గాజులు, ఉంగరాలు, చేతి గడియారం కిరణానికి చిన్న చిన్న అద్దాలు. మెడలో వేలాడే గుర్తింపు కార్డు తాడు, చున్నీ, వదులు జుట్టు బల్లమీద మూత లేకుండా తిరిగే చాపర్‌లో చిక్కుకుంటాయి. కిరణం ఎత్తు కూర్చున్నవాడి కంటి మట్టంలో ఉండకూడదు. కళ్లద్దాల మీద రాసిన తరంగదైర్ఘ్యం వాడుతున్న లేజర్‌దేనా అని ప్రతిసారీ చూడాలి. కార్బన్ డయాక్సైడ్ కిరణాన్ని ఆపే రంగులేని పాలీకార్బొనేట్ అద్దం యాగ్ కిరణానికి కిటికీ. ఆ పొరపాటు తేలిక, నష్టం శాశ్వతం.

మెరుపులుగా వచ్చే లేజర్లకైతే చక్రం అక్కర్లేదు. వెలుగు తనంతట తానే ఆగి ఆగి వస్తుంది గనక రెక్కను తెరిచి ఉంచి, మెరుపుల వరుసకు కెమెరాను జతచేస్తే చాలు.

ఈ జాగ్రత్తలు చట్టంగా మారడానికి కొంత కాలం పట్టింది. సిన్సినాటిలో చర్మవైద్యుడు లియాన్ గోల్డ్‌మన్ 1960ల తొలినాళ్ల నుంచే లేజర్ వైద్యంతో పాటు లేజర్ భద్రత గురించీ పట్టుబట్టాడు. అమెరికాలో 1973లో లేజర్ భద్రతకు ఆన్సీ జెడ్ 136.1 ప్రమాణం మొదటిసారి వచ్చింది, 1976లో ప్రభుత్వ నిబంధనలు అమలయ్యాయి, 1984లో అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. అర వాటు దాటిన ఎడతెగని లేజర్ నాలుగో తరగతిలోకి చేరుతుంది. ఆ తరగతిలో గోడ మీద చెదిరిన వెలుగు కూడా ప్రమాదమే.

తెలుగు నేల మీద ఇప్పుడు పెద్ద లేజర్లతో పని విస్తారంగా సాగుతోంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో లోహాల మీద లేజర్ పూతలు, అతుకుల పరిశోధన జరుగుతోంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రంలో, హైదరాబాద్‌లోని చెస్ ప్రయోగశాల నేతృత్వంలో తయారైన 30 కిలోవాట్ల లేజర్ ఆయుధం డ్రోన్లను కూల్చింది. అంతటి కిరణాన్ని దూరాన ఉన్న లక్ష్యం మీద చుక్కగా నిలపాలంటే దాని ఆకారం ముందు బల్లమీద తేలాలి.

చక్రం లేకుండా పనిచేసే మైక్రోబోలోమీటర్ కెమెరాలు కార్బన్ డయాక్సైడ్ లేజర్ల దగ్గర చోటు సంపాదించుకున్నాయి. వాటి చుక్కలు వేడి మార్పును కాక వేడినే కొలుస్తాయి. కాకపోతే వాటి సున్నా మెల్లగా జారుతుంటుంది. దాన్ని సరిదిద్దడానికి అప్పుడప్పుడు ఒక చిన్న రేకు టక్కుమని వచ్చి సెన్సర్‌ను కప్పాలి. ఒక మైక్రాను నుంచి టెరాహెర్ట్జ్ తరంగాల దాకా ఒకే కెమెరాతో చూడవలసిన ప్రయోగశాలలు మాత్రం లిథియం టాంటలేట్ పలకనూ, దాని ముందు తిరిగే రెక్కల చక్రాన్నీ ఇంకా వాడుతూనే ఉన్నాయి.